ఆ రోజు మంచు పడలేదు

"...ఎక్కనంటే ఎక్కను మమ్మీ. నువ్వు హండ్రెడ్ టైమ్స్ అడిగినా సేమ్ ఆన్సర్."

"మెల్లగా మాట్లాడు. కింద నాన్న ఉన్నారు."

"వినపడనీ. నేనేం సీక్రెట్ చెప్పట్లేదు."

"మరి డ్రైవింగ్ ఎవరు నేర్పుతారే నీకు? నాకు ఈ నెలంతా శనివారాలు డ్యూటీలే. సుందర్ రాజ్ అంకుల్‌ని అడగమంటావా? ఆయన వాళ్ళబ్బాయికి నేర్పబోయి గరాజ్ తలుపు పోగొట్టుకున్నాడు."

"వెయిట్ చేస్తా. నీకు ఆఫ్ వచ్చినప్పుడు నేర్చుకుంటా."

"మీ నాన్న తాగుడు మానేసి మూడేళ్ళు దాటింది లూసీ."

"ఐ నో. నాకు కౌంట్ చేయడం వచ్చు."

వంటింట్లో మాట్లాడే ప్రతి మాటా వేడిగాలి గొట్టంలోంచి బేస్‌మెంట్‌లోకి దిగుతుంది. చికాగో శివారు షామ్‌బర్గ్‌లో ఆ ఇల్లు కొన్న మొదటి చలికాలంలోనే ప్రేమానందం ఆ సంగతి కనిపెట్టాడు. భార్య దేవకుమారికీ తెలుసు. కూతురికి మాత్రం వాళ్ళిద్దరూ ఎప్పుడూ చెప్పలేదు. అతను ఇల్లు వెచ్చబెట్టే ఫర్నెస్ పక్కన మడత బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నోటుబుక్కు, టీ ఫ్లాస్కు. పైన కుర్చీ జరిగిన చప్పుడు, తర్వాత లూసీ మెట్లెక్కి తన గదికి వెళ్ళిన చప్పుడు వినిపించాయి. కలానికి మూత పెట్టాడు.

అది 1987 ఏప్రిల్. లూసీకి పదిహేనేళ్ళు నిండి రెండు వారాలయింది. ఇల్లినాయ్‌లో ఆ వయసుకి లెర్నర్ పర్మిట్ ఇస్తారు. స్కూల్లో నేర్పేది చాలదు. పెద్దవాళ్ళెవరైనా పక్కన కూర్చుని ఇంకొన్ని గంటలు నడిపించాలి. పర్మిట్ కాగితం మీద సంతకం పెట్టింది ప్రేమానందమే. లూసీ ఆ కాగితాన్ని వంటింటి బల్ల మీద, పాలలో వేసుకుని తినే సీరియల్ డబ్బాకి ఆనించి పెట్టి వెళ్ళింది. అతను సంతకం చేసి మళ్ళీ డబ్బాకే ఆనించాడు. తండ్రీకూతుళ్ళ మధ్య పోట్లాట ఏమీ లేదు. అతను అడిగితే ఆమె స్కూలు కబుర్లు చెబుతుంది. పుట్టినరోజుకి కార్డు ఇస్తుంది. అతని కారు మాత్రం ఎక్కదు. నాలుగేళ్ళుగా ఎక్కలేదు.

ఆదివారం మధ్యాహ్నం చికాగోలో జరిగే తెలుగు ఆరాధనకి ఆ ముగ్గురూ రెండు కార్లలో వెళ్ళేవారు. ముందు దేవకుమారి, లూసీ. వెనక ప్రేమానందం ఒక్కడూ. ఆరాధన నుంచి ఆమె నేరుగా డ్యూటీకి వెళుతుంది కాబట్టి అని సంఘంలో చెప్పుకునేవారు. నిజానికి ఆమె లూసీని ఇంటి దగ్గర దింపాకే డ్యూటీకి వెళ్ళేది. డ్యూటీ లేని ఆదివారాల్లో కూడా రెండు కార్లే.

"ఏంటి ప్రేమానందం గారూ, పిల్లకి లైసెన్స్ వస్తే ఇంక మూడు కార్లా? ఈ పార్కింగ్ లాట్ మీ ఒక్క కుటుంబానికే సరిపోయేట్టుంది," అన్నాడు సుందర్ రాజ్, మొన్న చర్చి బయట.

"నాలుగోది పాస్టరు గారికి ఇస్తాంలెండి," అన్నాడు ప్రేమానందం. అందరూ నవ్వారు. లూసీ మాత్రం వెళ్ళి తల్లి కారు తలుపు తెరుచుకుని లోపల కూర్చుంది.

*

అతనిది రేపల్లె దగ్గర ఊరు. దేవకుమారి గుంటూరు మిషన్ ఆసుపత్రిలో నర్సింగు చదివి, 1970లో చికాగో వచ్చింది. ఏడాది తర్వాత అతను వచ్చాడు. డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగం దొరికింది. వాన నీటి కాలువలు, వీధుల కింద పోయే గొట్టాలు ట్రేసింగ్ పేపరు మీద సిరాతో గీయడం పని. ఆఫీసులో అక్షరాలు అతనంత చక్కగా రాసేవాళ్ళు లేరని కొత్తగా చేరినవాళ్ళకి అతని షీట్లే చూపించేవారు.

1978లో కథలు రాయడం మొదలుపెట్టాడు. మొదటి కథ రాసిన సాయంత్రం పక్కన గ్లాసు ఉంది. ఆ కథని విజయవాడ వారపత్రిక వేసుకుంది. రెండో కథ గ్లాసు లేకుండా రాశాడు. అది తిరిగొచ్చింది. మూడోది గ్లాసుతో రాశాడు. వేసుకున్నారు. మూడు కథల మీద అతను ఒక సిద్ధాంతం కట్టుకున్నాడు. దాన్ని ఆరేళ్ళు నమ్మాడు. మొదట్లో బీరు, తర్వాత బ్రాందీ. మొదట్లో కథ రాసే సాయంత్రాలు, తర్వాత కథ గురించి ఆలోచించే సాయంత్రాలు కూడా. చివరికి శనివారం పొద్దున్నే బేస్‌మెంట్‌లోకి దిగితే భోజనానికి పైకి వచ్చేవాడు కాదు.

ఆఫీసులో అంత అందమైన అక్షరాలు ఇంట్లో రాసేసరికి చదవడానికి వీలుండేది కాదు. అందుకని సాఫ్ ప్రతి దేవకుమారి రాసేది. డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం మార్చుకుని, లూసీ నిద్రపోయాక వంటింటి బల్ల మీద పలుచటి ఎయిర్ మెయిల్ కాగితం పరుచుకుని, అతని చిత్తుప్రతిని ఒక్కో వాక్యం పోల్చుకుంటూ ఎత్తి రాసేది. అర్థంకాని మాట వస్తే గొట్టం దగ్గరికి వంగి కిందికి కేకేసేది.

"ఏవండీ, 'తండ్రి భుజం మీద' ఏమిటి? చేయా, కండువానా?"

"పిల్లాడు. భుజం మీద పిల్లాడు."

అతని కథల్లో తండ్రులు అలాంటివాళ్ళు. ఒక తండ్రి వరదలో పిల్లాణ్ణి భుజాన వేసుకుని నాలుగు మైళ్ళు నడిచాడు. ఒక తండ్రి కూతురి జ్వరం దిగేదాకా మూడు రోజులు మంచం పట్టె మీద కూర్చున్నాడు. మాట తప్పిన తండ్రి, ఆలస్యంగా వచ్చిన తండ్రి ఆ కథల్లో ఒక్కడూ లేడు. మీ కథల్లోలాంటి తండ్రి మాకు లేకపోయాడండీ అని పాఠకులు ఉత్తరాలు రాసేవారు. దేవకుమారి ఆ ఉత్తరాలు చదివి దొంతరగా పెట్టేది. చిన్నప్పుడు లూసీ అడిగితే ఒకటి రెండు కథలు చదివి వినిపించింది కూడా. లూసీకి తెలుగు చదవడం రాదు. వింటే అర్థమవుతుంది. పదేళ్ళ వయసులో ఒక కథ విని, "ఈ డాడీ ఎవరి డాడీ?" అని అడిగింది. ఆ తర్వాత దేవకుమారి చదివి వినిపించడం మానేసింది.

1983 ఫిబ్రవరిలో ఒక శనివారం లూసీకి ఐస్ స్కేటింగ్ క్లాసు. నాలుగున్నరకి అయిపోతుంది. దేవకుమారి డ్యూటీలో ఉంది. ప్రేమానందం వెళ్ళి తీసుకురావాలి. అతను బేస్‌మెంట్‌లో ఉన్నాడు. ఆరింటికి రింక్ మూసేశారు. లూసీ రెండు అద్దాల తలుపుల మధ్య నిలబడింది. రింక్ మేనేజరు ఆసుపత్రి వార్డుకి ఫోన్ చేశాడు. ప్రేమానందం వెళ్ళింది ఏడింటికి పది నిమిషాల ముందు. దేవకుమారికి తెలిసింది అంతవరకే. మర్నాడు ఆదివారం తండ్రి కారు దగ్గర లూసీ ఆగలేదు. నేరుగా తల్లి కారెక్కి బెల్టు పెట్టుకుంది. తల్లి అడిగితే కారు రేడియో పెట్టింది.

ఆ వేసవిలో ప్రేమానందం దాన్ని కథగా రాశాడు. కథలో తండ్రి బయల్దేరాడు, పెద్ద మంచుతుపాను పట్టుకుంది. కారు కూరుకుపోతే దాన్ని వదిలేసి పరుగెత్తాడు. పది నిమిషాలు ఆలస్యమైంది. తన ఓవర్‌కోటు విప్పి పాపకి కప్పాడు. అక్కడితో కథ అయిపోయింది.

దేవకుమారి సాఫ్ ప్రతి రాస్తూ చివరి పేజీ దాకా వచ్చి ఆగింది. టీ పెట్టుకుంది. తాగింది. తర్వాత చిత్తుప్రతిని పక్కకి జరిపి, ఎయిర్ మెయిల్ కాగితం మీద ఇలా రాసింది: 'ఆ రోజు మంచు పడలేదు. రోడ్లు శుభ్రంగా ఉన్నాయి. తండ్రి ఇంట్లో తాగుతూ కూర్చున్నాడు. రెండుగంటల ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు.' ఇంకో ఆరేడు వాక్యాలు రాసి, కవరు అంటించి, పొద్దున్న డ్యూటీకి వెళుతూ పోస్టు చేసింది. ఐదేళ్ళలో ఆమె అతని కథలో ఒక్క కామా కూడా మార్చలేదు. అడగవలసిందని ఆమెకి తెలుసు. అడిగితే వద్దంటాడనీ తెలుసు.

పత్రిక ఓడలో మూడు నెలలు ప్రయాణం చేసి 1984 జనవరిలో వచ్చింది. ప్రేమానందం చివరి పేజీ చదివాడు. మొదట అతనికి తోచింది, తానే రాశానేమో అని. తాగి రాసినవి చాలావరకు గుర్తుండని మనిషికి అలా అనుకోవడం కష్టం కాదు. కిందికి దిగి చిత్తుప్రతి వెతికాడు. తన వంకర అక్షరాలతోనే మంచుతుపాను ఉంది, ఓవర్‌కోటు ఉంది. పైకి వచ్చాడు. దేవకుమారి యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది.

"చివరి పేజీ బాగుంది," అన్నాడు.

ఆమె ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. "ఊఁ," అంది.

తర్వాతి మంగళవారం అతను రెండు వీధుల అవతల ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో, తాగుడు మానేసినవాళ్ళు కలుసుకునే చోటికి వెళ్ళాడు. ఇనప కుర్చీలు, చల్లారిన కాఫీ, తన పేరు చెప్పుకోవడం. మూడో వారం మళ్ళీ తాగాడు. నాలుగో వారం మళ్ళీ వెళ్ళాడు. తర్వాత తాగలేదు. ఆ కథకి పదిహేడు ఉత్తరాలు వచ్చాయి. అంతకుముందు దేనికీ అన్ని రాలేదు. వాటిని కవరుతో సహా దేవకుమారి ముందు పెట్టి, "ఇవి నీవి," అన్నాడు.

ఆ తర్వాత అతను ఏ పత్రికకీ కథ పంపలేదు. ఎడిటరు రెండుసార్లు రాసి ఊరుకున్నాడు. సాయంత్రాలు మాత్రం బేస్‌మెంట్‌లో కూర్చునేవాడు. లూసీ మెట్ల పైన తలుపు దాటేటప్పుడు ఒక్క క్షణం ఆగి ముక్కుతో గాలి పీల్చడం అతను చాలాసార్లు గమనించాడు. వాసన పీల్చి చూసుకోవడం ఆమె హక్కు.

*

వంటింట్లో ఆ వాదన జరిగిన మూడోరోజు ఆదివారం. రెండు కార్లూ చర్చి నుంచి తిరిగొచ్చాక ప్రేమానందం కిందికి వెళ్ళాడు. సాయంత్రం ఆరు కావస్తోంది. పైన లూసీ ఏవో పాత పత్రికలు తిరగేస్తున్న చప్పుడు.

"మమ్మీ, ఇంగ్లిష్ క్లాస్‌కి ఒక పేజ్ ట్రాన్స్‌లేట్ చేయాలి. ఇంట్లో మాట్లాడే లాంగ్వేజ్‌లో ఏదైనా. నువ్వు చదువు, నేను రాస్తా."

"కీర్తనల పుస్తకంలోంచి చేద్దాం."

"లాస్ట్ ఇయర్ అదే చేశా. వెయిట్, ఇదేంటి?" అంది, వెంటనే నవ్వింది. "మమ్మీ, ఈ బొమ్మ చూడు. ఐస్ మీద రోలర్ స్కేట్స్. చక్రాలున్నాయి. ఈ అమ్మాయి పడి చచ్చిపోతుంది."

"ఆ ఆర్టిస్టు విజయవాడలో ఉంటాడే. మంచు ఎప్పుడు చూశాడు పాపం."

"ఇది చదువు. స్కేటింగ్ స్టోరీ, ఇదే కావాలి. లాస్ట్ పేజ్ చాలు."

కింద ప్రేమానందం తల ఎత్తి గొట్టం వైపు చూశాడు.

"అది వద్దు. ఇంకోటి తీయి," అంది దేవకుమారి.

"ఎందుకు?"

కుర్చీ జరిగిన చప్పుడయింది. తర్వాత దేవకుమారి చదవడం మొదలుపెట్టింది. ఆ రోజు మంచు పడలేదు. రోడ్లు శుభ్రంగా ఉన్నాయి. ఒక్కో వాక్యం చదివి ఆగుతోంది. మొదటి రెండు వాక్యాలకి పెన్సిల్ కదిలింది. మూడో వాక్యానికి ఆగిపోయింది. దేవకుమారి చివరి దాకా చదివింది.

"ఇది డాడీ రాశారా?" అంది లూసీ. గొంతు మెత్తగా ఉంది. అంత మెత్తటి గొంతుతో ఆమె తన గురించి అడగడం ప్రేమానందం విని చాలా కాలమైంది. ఒక్క 'అవును' చాలు. దేవకుమారి ఆ మాట అంటే శనివారం తన కారు తలుపు తెరుచుకుంటుందని అతనికి అనిపించింది.

"కథ ఆయనది," అంది దేవకుమారి. "ఈ పేజీ నేను మార్చి పంపాను. ఆయనకి చెప్పకుండా."

"ఆయన ఏం రాశారు?"

"మంచు తుపాను వల్ల ఆలస్యమైందని రాశారు."

"ఎంత లేట్?"

"పది నిమిషాలు."

"ఐ న్యూ ఇట్." పెన్సిల్ బల్ల మీద పడి కిందికి దొర్లింది. "ఆయనకి గుర్తు కూడా లేదు మమ్మీ. అది కూడా నువ్వే రాయాల్సొచ్చింది."

ప్రేమానందం నోటుబుక్కు తీసుకున్నాడు. మెట్లు ఎక్కుతూ ఒకసారి ఆగాడు. మళ్ళీ ఎక్కాడు. వంటింట్లోకి వచ్చి నోటుబుక్కు చివర్న ఒక పేజీ తీసి దేవకుమారి ముందు పెట్టాడు.

"ఇది చదువు," అన్నాడు.

"మీకెలా..." అంటూ లూసీ అతని వైపు, తల్లి వైపు చూసింది.

"ఆ గొట్టంలోంచి అంతా వినపడుతుంది లూసీ. కొన్నప్పట్నించీ."

"ఓ మై గాడ్. అన్నీనా?"

"ఫోన్‌లో నీ ఫ్రెండ్ మీనాతో మాట్లాడేవి వినను. రేడియో పెట్టుకుంటాను."

దేవకుమారి నోటుబుక్కు ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది. ప్రతి ఒకటి రెండు పేజీలకీ అదే వాక్యంతో మళ్ళీ మొదలైంది. ఆ రోజు మంచు పడలేదు. అది ఆమె వాక్యం. దాని కింద అంతా అతని చేతిరాత, ఆఫీసు షీట్ల మీద రాసే రాత, ఏ మాటా పోల్చుకోనక్కర్లేదు. మూడేళ్ళుగా అతను రాస్తున్నది ఆ ఒక్క పేజీనే. మొదటి ప్రతుల్లో తండ్రి కారులో కూర్చుని ఏడ్చాడు. అది కొట్టేసి ఉంది. పక్కన చిన్న అక్షరాలతో 'ఏడవలేదు. ఆకలేస్తోందా అని అడిగాడు' అని ఉంది. ఇంకో ప్రతిలో పాపని క్షమించమని అడిగాడు. అదీ కొట్టేసి ఉంది. 'అడగలేదు.'

"ఆ పేజీలు కాదు. ఇది," అన్నాడు ప్రేమానందం, నిలబడే.

ఆమె చదివింది.

"'పాప ముందు సీట్లో కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. తండ్రి బెల్టు కూడా తనే పెట్టింది. మొదటి కూడలికి ఇంకా దూరం ఉండగానే, రెడ్ డాడీ, అంది. తండ్రి ఆపాడు. గ్రీన్ డాడీ, అంది. తండ్రి...'"

దేవకుమారి ఆగింది. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. ఆ కారులో తాను లేదు. ఇది తాను రాయగలిగిన పేజీ కాదు.

"చదువు మమ్మీ," అంది లూసీ.

"'తండ్రి నడిపాడు. ఇంటికి తొమ్మిది లైట్లు. తొమ్మిదీ పాపే చెప్పింది. ఆరో లైటు దగ్గర ఆమె గొంతు వణికింది. తండ్రి విన్నాడు. విననట్టు నడిపాడు. ఇల్లు చేరాక పాప బెల్టు తీసుకుని, తండ్రి బెల్టు తీసి, ముందు తాను దిగింది.'"

రిఫ్రిజిరేటర్ మోటారు ఆగిపోయింది. అంతవరకు అది మోగుతున్నట్టు ఎవరికీ తెలియలేదు.

"నైన్ కాదు," అంది లూసీ. "ఎయిట్. లాస్ట్‌ది లైట్ కాదు, స్టాప్ సైన్."

"స్టాప్ సైన్ కూడా చెప్పావు," అన్నాడు ప్రేమానందం. "స్టాప్ అన్నావు. నేను ఆపాను. మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలో తెలీలేదు నాకు. ఓకే, గో, అన్నావు."

లూసీ అతని వైపు చూసింది. "మీకు గుర్తుందా?"

"ఉంది."

"నాకొక్కదానికే గుర్తుందనుకున్నా. ఫోర్ ఇయర్స్. అప్పుడప్పుడు, మేబీ నేనే ఇమాజిన్ చేశానేమో అనుకున్నా."

"లేదు. జరిగింది. నువ్వు చెప్పినట్టే జరిగింది."

"నాకెందుకు చెప్పలేదే?" అంది దేవకుమారి.

"నువ్వు డ్యూటీ మానేస్తావని."

దేవకుమారి లేచి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా ఒకసారి అటు చూసి, మళ్ళీ కూర్చుంది. లూసీ వీపు కుర్చీకి ఆనించి పొడుగ్గా ఊపిరి వదిలింది. తర్వాత చేత్తో ముఖం తుడుచుకుని, ముక్కు చీదుకుని, నోటుబుక్కు తన వైపు తిప్పుకుని తనకి రాని అక్షరాల మీద వేలు పెట్టి అడిగింది.

"'రెడ్ డాడీ' ఎక్కడుంది?"

ప్రేమానందం వంగి చూపించాడు. ఆమె ఆ రెండు మాటలూ కాసేపు చూసింది.

"ఇది పబ్లిష్ చేస్తారా?"

"నువ్వు వద్దంటే చేయను."

"ముందు ఎయిట్ అని మార్చండి."

అతను జేబులోంచి కలం తీసి తొమ్మిది కొట్టేసి ఎనిమిది అని రాశాడు. రెండో చోట కూడా మార్చాడు. తర్వాత 'స్టాప్ సైన్' అని పక్కన రాసుకున్నాడు. లూసీ కింద పడ్డ పెన్సిల్ వెతుక్కుని, తన కాగితం మీద రాసిన రెండు వాక్యాలూ కొట్టేసింది.

"మమ్మీ, ఇదే ట్రాన్స్‌లేట్ చేస్తా. మళ్ళీ మొదట్నుంచి చదువు. స్లోగా."

దేవకుమారి చదివింది. అనువాదం పూర్తయ్యేసరికి ఏడు దాటింది. 'కూడలి' అంటే ఏమిటని ఒకసారి, 'వణికింది'కి ఏ మాట రాయాలని ఒకసారి ఆగారు. రెండోదానికి ప్రేమానందం, దేవకుమారి చెరో మాట చెప్పారు. లూసీ రెండూ వద్దని తనకి తోచింది రాసుకుంది. ఎవరూ అనకుండానే ఆకలవుతోందని అందరికీ గుర్తొచ్చింది. దేవకుమారి పొద్దుటి కూర వెచ్చబెట్టింది. ప్రేమానందం పళ్ళేలు పెట్టాడు.

లూసీ కాగితాలు మడిచి పుస్తకంలో పెట్టుకుంది. పర్మిట్ తీసి సీరియల్ డబ్బాకి ఆనించింది.

"శనివారం డాడీ కార్‌లో వెళ్తున్నా," అంది. "నేను డ్రైవ్ చేస్తా, డాడీ పక్కన కూర్చుంటారు. లైట్లు నేనే చూసుకుంటా."